వంతెనల నాడి

రైలు రాజమహేంద్రవరపు స్టేషను విడిచి గోదావరి వంతెన నెక్కగానే చక్రముల చప్పుడు మారును. అంతవరకు నేలమీద నడచిన బండి మ్రోత ఒక్కసారిగా బోలుగా, గంభీరముగా వినబడును. నిద్రించుచున్న పిల్లలు లేచి కిటికీలకడ చేరుదురు. పెద్దవారు కొంగుముడి విప్పి, చిల్లరడబ్బు తీసి, గోదావరితల్లికి దండము పెట్టి నీటిలోనికి విసరుదురు. కొందరి నాణెములు ఇనుపకమ్ములకు తగిలి ఖణిల్లుమని వంతెనమీదనే పడిపోవును. మేమును ఎన్నియో మారులు అట్లు విసరితిమి. నదిని ఇంత భక్తితో తలచు మనము, మనలను ఆవలియొడ్డు చేర్చు వంతెనను మాత్రము ఎన్నడును తలపము. కాళ్ల క్రింద కొంచెము వణకినట్లు తోచినను, "ఇంత బండి పోవుచుండగా వణకక మానునా?" అనుకొని ఊరకుందుము.

ఆ వణకే ఈ వ్యాసమునకు విషయము. వంతెన యేల వణకును, ఆ వణకునుబట్టి దాని ఆరోగ్యమును తెలిసికొనవచ్చునా, తీగలు లేకుండ దూరమునుండియే దానిని వినుట యెట్లు అను సంగతులను మన సోదరీమణులకు తెలుపవలెనని మా కోరిక. ఇది ఇంజనీర్లకు మాత్రమే పట్టిన విషయమని పుట త్రిప్పివేయవలదు. దీని మూలసూత్రము మన వంటయింటిలో ఎప్పటినుండియో ఉన్నదే.

సంతలో కుండ కొనునప్పుడు మనలో ఎవరును దానిని చూచి మాత్రమే కొనరు. ఎడమచేత నెత్తి పట్టుకొని, కుడిచేతి వ్రేలికణుపుతో రెండుమారులు తట్టి, చెవి యొగ్గి విందురు. ఖంగుమన్నచో మంచికుండ. చప్పగా, బొంగురుగా పలికినచో ఎక్కడనో సన్నని బీట యున్నదని ప్రక్కన పెట్టుదురు. ఆ బీట ఎంత వెదకినను కంటికి కనబడక పోవచ్చును. కన్ను కానని దానిని చెవి కనిపెట్టును. కంచుగిన్నెయైనను అంతియే.

వంతెనల విషయమున ఇంజనీర్లు చేయునదియు మొదట ఇంతియే. ఐతే ఇక్కడ తట్టువారు వేరు. గాలి తట్టును, బండ్లు తట్టును, మనుష్యుల అడుగులు తట్టును, క్రింద ప్రవాహము స్తంభములను తట్టును. ఆ తట్టులకు వంతెన యెట్లు పలుకుచున్నదో వినవలెను. దాని పలుకు మన చెవికి అందునది కాదు, కదలికగా నుండును.

ఉయ్యాలను చూడుడు. గట్టిగా ఊపినను, మెల్లగా ఊపినను, అది ఒకసారి పోయి వచ్చుటకు పట్టు కాలము ఇంచుమించు ఒక్కటియే. గొలుసులు పొడవైనచో నెమ్మదిగాను, పొట్టివైనచో వడిగాను ఊగును. అది ఊపువారి చేతిలో లేదు, ఉయ్యాల స్వభావములోనే యున్నది. అట్లే ప్రతి కట్టడమునకును తనదైన ఊపు కలదు. సాన్‌ఫ్రాన్సిస్కో నగరముకడ సముద్రముఖముపై వ్రేలాడు గోల్డెన్ గేటు వంతెన నడిమిభాగము 1,280 మీటర్ల పొడవు గలది. అది క్రిందికి మీదికి ఒకసారి ఊగుటకు సుమారు 10 సెకండ్లు పట్టును. చిన్న కాంక్రీటు వంతెనలు సెకండునకు నాలుగైదు మారులు అదరును. వీణతీగ బిగువు సడలినచో శ్రుతి దిగినట్లే, కట్టడముయొక్క బిగువు తగ్గినచో దాని ఊపు మందగించును. అంతేకాదు, రెండుప్రక్కలను ఒక్కరీతిగా కట్టిన వంతెన రెండుప్రక్కలను సమముగా ఊగవలెను. కావడి మోయువాని నడకలో ఒకప్రక్క కుండ ఎక్కువగా ఊగినచో ఆవైపు త్రాటిని చూచుకొనవలెను గదా.

ఇట్లు వినుటవలన కలుగు ప్రయోజన మేమని అడుగువారికి ఇటలీదేశమందలి జెనోవా వంతెన కథ చెప్పవలసియున్నది.

జెనోవా సముద్రతీరపు రేవుపట్టణము. ఆ యూరిలో పోల్చేవెరా యను ఏటిలోయ కలదు. ఆ లోయమీదుగా, ఇండ్లకును కర్మాగారములకును రైలుదారులకును పైగా, రికార్డో మొరాండి యను ఇంజనీరు రచించిన పెద్దవంతెన 1967 సెప్టెంబరులో తెరవబడెను. దాని పొడవు 1,182 మీటర్లు. మూడు ఎత్తైన స్తంభముల తలలనుండి ఏటవాలుగా దిగిన పట్టుకమ్ములు దారిని పట్టి నిలిపియుండెడివి. ఒక్కొక్క స్తంభమునకు ఇట్టివి నాలుగే. మొరాండి ఆ ఉక్కుతీగలను కాంక్రీటులో పొదిగెను. ఉప్పుగాలి వానికి సోకదని తలంపు. కాని ఆ కవచము లోపల ఉక్కు తుప్పుపట్టినచో పైనుండి చూచువారి కేమి కనబడును? జాడి మూత తీయకయే ఆవకాయకు బూజు పట్టినదో లేదో చెప్పుమన్నట్లుండును. 1990 తరువాత కొలది యేండ్లలో ఆ మూడు స్తంభములలో ఒకదాని కమ్ములను బలపరచిరి. 9వ సంఖ్యగల స్తంభపు కమ్ములు మాత్రము మొదటి రీతినే యుండెను.

2017లో మిలాను నగరపు పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు ఆ కమ్ముల కంపనములను కొలిచి చూచిరి. 9వ సంఖ్యగల స్తంభపు కమ్ములు ఉండవలసినట్లు సమముగా ఊగుటలేదనియు, దానిని ఇంకను పరిశీలింపవలెననియు, ఎల్లవేళల కనిపెట్టియుండు యంత్రములను వంతెనమీద శాశ్వతముగా నమర్చవలెననియు వ్రాసియిచ్చిరి. వంతెన పడిపోవునని వారు చెప్పలేదు. కొలతలో తేడా యున్నదని మాత్రమే చెప్పిరి. ఆ యంత్రములు అమర్చబడలేదు. కమ్ములను బలపరచు పని 2018 శరత్కాలమున మొదలు కావలసియుండెను.

2018 ఆగస్టు 14వ తేదీ. మరునాడు ఇటలీయంతట పెద్దపండుగ. కుటుంబములు కుటుంబములుగా జనులు కారులలో ప్రయాణము కట్టిరి. జెనోవాలో ఉరుములతో కూడిన వాన కురియుచుండెను. ఉదయము 11 గంటల 36 నిమిషములకు 9వ స్తంభమును, దాని నంటియున్న సుమారు 210 మీటర్ల దారియు కూలిపోయెను. 43 మంది మరణించిరి. ఒక ఆకుపచ్చ లారీ సరిగా తెగిన యంచుకడ ఆగి నిలిచినది. ఆ చిత్రమును లోకమంతయు చూచినది. క్రింది ఇండ్లలోనివారు సుమారు 600 మంది ఇల్లు వాకిలి విడిచి పోవలసివచ్చెను. ఎవరి బాధ్యత యెంతయను విచారణ న్యాయస్థానములది. అందు మేము చొరబడము. మా మనస్సును పట్టి కలచునది వేరు. పడిపోవుటకు పదినెలలకు ముందే ఆ స్తంభము తన ఊపులో తేడా చూపినది. అది పరులెవరికిని తెలియని రహస్యము కాదు, కాగితముమీద వ్రాయబడిన సంగతి. ఎడతెగక వినుట మాత్రము జరుగలేదు.

ఎడతెగక వినుటకు ఇంతకాలము అడ్డమైనది ముఖ్యముగా తీగల బెడద. కదలికను కొలుచు యంత్రమును ఇంగ్లీషున సెన్సారందురు. వెనుకటి పద్ధతిలో ఒక్కొక్క సెన్సారునుండి ఒక్కొక్క తీగను లాగి, వంతెనయొక్క ఒకకొనయందున్న పెట్టెకు చేర్చవలసియుండెను. పొడవైన వంతెనకు కిలోమీటర్లకొలది తీగ కావలెను. దానిని ఎత్తైన ఇనుపదూలములవెంట కట్టుటకు మనుష్యులు ప్రాణములకు తెగించి ప్రాకవలెను. పలుతావుల యంత్రముకంటె తీగకును కూలికిని అయిన వ్యయమే ఎక్కువగా నుండెడిది. అందుచేత ప్రపంచములో ప్రసిద్ధములైన కొలది వంతెనలకు మాత్రమే ఆ భాగ్యము పట్టినది.

ఇప్పుడు మన చేతులలో నుండు ఫోనును ప్రక్కకు త్రిప్పినచో బొమ్మయు ప్రక్కకు తిరుగును. అందు ఆవగింజంత తునకలో కదలికను పసిగట్టు ఏర్పాటున్నది. సిలికానుతో చేసిన మిక్కిలి సన్నని దువ్వెనపండ్ల వంటివి అందు కొంచెము కదలును; ఆ కదలికవలన విద్యుత్తులో కలుగు మార్పును లెక్కించుదురు. ఇట్టి తునకను, చిన్న గణనయంత్రమును, చిన్న రేడియోను, బ్యాటరీని ఒక డబ్బాలో పెట్టి మూతవేసినచో తీగ లక్కరలేని సెన్సారు సిద్ధమైనట్లే. దానిని వంతెనకు బిగించి దిగిరావచ్చును.

ఈ పనిని పెద్దయెత్తున చేసి చూపినవారు బర్కిలీయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు. 2006లో వారు పైన చెప్పిన గోల్డెన్ గేటు వంతెనమీద, నడిమిభాగమునను స్తంభమునను కలిపి 64 సెన్సారుల నమర్చిరి. ఒక్కొక్కటి సెకండునకు వేయిమారులు కదలికను కొలుచును. కాని చిన్నబ్యాటరీతో పలుకు ఆ రేడియోల మాట ఎంతోదూరము పోదు. వంతెన యీకొననుండి ఆకొనకు వినబడుట అసంభవము. అందుకు వారు చేసిన యుపాయము మనకు చిరపరిచితమే. పూరిల్లు అంటుకొన్నప్పుడు చెరువునుండి ఇంటివరకు జనులు బారులు తీరి నీళ్లబిందెలను చేతికి చేయి అందించుకొందురు గదా. అట్లే ప్రతి సెన్సారును తన ప్రక్కదానికి వార్త నందించును; అది తన ప్రక్కదానికి. ఆ వంతెనమీద వార్త చివరకు చేరుటకు 46 చేతులు మారవలసివచ్చెను. ఒక్కచేయి జారినచో బిందె నేలపాలగును. కనుక చేరినదో లేదో అడుగుట, చేరనిదానిని మరల పంపుమనుట మొదలగు మర్యాదల నెన్నింటినో ఆ చిన్నడబ్బాలకు నేర్పవలసివచ్చెను.

ఇంతకంటె కష్టమైనది కాలనియమము. వంతెనలో ఏభాగము ఏభాగముతో కలిసి ఊగుచున్నదో తెలియవలెనన్నచో, అన్ని సెన్సారులును ఒక్కక్షణముననే కొలువవలెను. కోలాటమున ఒక్కరు తాళము తప్పినచో వలయమంతయు చెడినట్లు, ఒక గడియారము తప్పినచో చిత్రమంతయు చెడును. అక్కడ కొలతల నడిమి తేడాను సెకండులో లక్షవవంతుకంటె తక్కువగా నిలిపిరి. అట్లు వచ్చిన కొలతలు ఆ వంతెనను గూర్చి గణితముచేతను వెనుకటి పరిశీలనములచేతను తెలిసియున్న ఊపులతో సరిపోయినవి. తీగలు లేని చెవులును నమ్మదగినవేయని అప్పుడు రుజువైనది.

తరువాతి చిక్కు బ్యాటరీలు. రేయింబవళ్లు మేలుకొని పలుకుచున్నచో అవి త్వరలో అడుగంటును. దినదినము వంతెన నెక్కి బ్యాటరీ మార్చుట తీగలు కట్టుటకంటె మేలేమి? దక్షిణ కొరియాదేశమున జిందో ద్వీపమును పెద్దనేలతో కలుపు వంతెనమీద 2009లో కొరియా, అమెరికా, జపాను దేశముల పండితులు కలిసి 70 సెన్సారుల నమర్చిరి. మరుసటియేట వాని సంఖ్యను 113కు పెంచిరి. వానిలో అనేకమునకు ఎండవలన విద్యుత్తునిచ్చు పలకలను కట్టిరి. అంతకంటె మాకు నచ్చినది వారు వానికి నేర్పిన నిద్ర. డబ్బాలన్నియు ఎక్కువకాలము నిద్రించుచుండును. కొన్ని మాత్రము కావలిగా నుండి అప్పుడప్పుడు లేచి చూచును. గాలియో కదలికయో హద్దుమీరినచో తక్కినవానిని లేపును. పసిబిడ్డ తల్లి నిద్ర ఎట్టిదో యెఱిగినవారికి దీనిని వివరింపనక్కరలేదు. 2010 సెప్టెంబరులో కొంపాసు అను తుఫాను కొరియాను తాకినప్పుడు ఆ గాలిలో వంతెన ఊగిన తీరు ఈ సెన్సారులకు చిక్కినది.

వంతెనలే కాదు, తక్కిన కట్టడములకును ఈ చెవులు ఉపయోగించుచున్నవి. ఇటలీదేశమందే ట్రెంటో అను ఊర 31 మీటర్ల ఎత్తుగల పాతబురుజు ఒకటి కలదు. టొర్రె ఆక్విలా యని పేరు. గరుడబురుజని మనము చెప్పుకొనవచ్చును. దాని లోపలి గోడలపై ఆరువందల యేండ్లనాటి చిత్రములున్నవి. సంవత్సరములోని నెలలన్నిటిని వరుసగా చిత్రించినారు. ఒకవైపు ప్రభువులు, దొరసానులు మంచుముద్దలతో ఆడుకొనుచుందురు. వేరొకవైపు పల్లెస్త్రీలు, పురుషులు పొలములో పాటుపడుచుందురు. మార్చి నెల చిత్రము మాత్రము నశించినది, తక్కిన 11 నిలిచియున్నవి. ఆ బురుజుప్రక్కగా రహదారికొరకు సొరంగము త్రవ్వుటకు నిశ్చయించినప్పుడు, ఆ అదరుపాటునకు గోడలు బీటలువారి చిత్రములు చెడిపోవునేమోయని భయము కలిగెను. అట్టి గోడలలో మేకులు కొట్టి తీగలు లాగుట రోగికి మందుబదులు గాయము చేయుటవంటిది. కనుక 2008లో 16 తీగలేని డబ్బాలను అందందు ఉంచిరి. కంపనము, గోడల నడుమ సందు, వేడిమి మొదలగువానిని అవి పంపుచుండెను. చూచుటకు వచ్చినవారికి అవి యున్నట్లే తోచకుండ అమర్చిరట. ఈ చిత్రములను ప్రత్యక్షముగా చూచు భాగ్యము మాకు కలుగలేదు. అచ్చుబొమ్మలలో చూచినంతలో, కోతపని చేయు ఆ స్త్రీల నడుములు వంగిన తీరు మన పొలముల స్త్రీల తీరుగనే తోచినది.

ఇంతవరకు చదివినవారు, ఇక భయము లేదు, ఏవంతెన పడునో ముందే తెలిసిపోవునని అనుకొనవచ్చును. అట్లు చెప్పి పంపివేయుట మాకు సులభమే కాని సత్యము కాదు. నాడి చూచుట యెఱిగిన వైద్యుడు, ఎండలో నడచివచ్చినవాని నాడిని జ్వరపడినవాని నాడితో కలిపి చెప్పడు. వంతెనలలో ఈ భేదము తెలియుట మిక్కిలి కష్టము. స్విట్జర్లండులో జెడ్-24 అను కాంక్రీటు వంతెనను పడగొట్టవలసియుండగా, 1997 నవంబరు మొదలు 10 నెలలు దాని కంపనములను విడువక కొలిచిరి. చలికాలమున దారిమీది తారు గడ్డకట్టి బిగుసుకొన్నప్పుడు దాని ఊపు వేగము హెచ్చెను. వేడిమి వచ్చినప్పుడు తగ్గెను. ఏ దెబ్బయు తగులకుండగనే ఇంత మార్పు! తరువాత, పడగొట్టుటకు ముందు, దానికి బుద్ధిపూర్వకముగా కొంచెము కొంచెముగా దెబ్బలు కలిగించి చూచిరి. ఋతువులవలని మార్పును తీసివేసి లెక్కింపనిచో, దెబ్బలవలని మార్పు దానిలోనే దాగిపోవునని తెలిసినది. ఒకటిరెండు దినములు విని తీర్పు చెప్పుట యెంత ప్రమాదమో, యేడాది పొడవున వినుట యెంత యవసరమో ఈ పరీక్షవలన లోకమునకు తేటపడెను.

దీనికంటెను జాగ్రత్త చెప్పునది అమెరికాలో జరిగిన మరియొక పరీక్ష. 1993లో న్యూమెక్సికో రాష్ట్రపు ఆల్బకర్కీ నగరముకడ రియోగ్రాండి నదిమీది ఉక్కువంతెన నొకదానిని తీసివేయుటకు ముందు, పండితులు దాని పెద్దదూలమును మంటకత్తితో నాలుగు విడతలుగా కోసిరి. ప్రతివిడతకును ఊపును కొలిచిరి. దూలము చాలవరకు తెగువరకును ఊపులో చెప్పుకోదగిన మార్పు లేకపోయెను! చివరికోతకు గాని వంతెన శ్రుతి దిగలేదు. పెద్దకట్టడము బహుకుటుంబీకునివంటిది, ఒకరి భారమును తక్కినవారు మోసి, లోపల యేమి జరుగుచున్నదో వీధివారికి తెలియనీయరు. అందుచే మొత్తము ఊపును మాత్రమే వినుట చాలదనియు, అనుమానమున్న చోటుకడ చెవులు దట్టముగా నుండవలెననియు ఇప్పుడు చెప్పుచున్నారు. తీగలులేని సెన్సారులు చౌకగా నుండుటవలన కలుగు నిజమైన లాభము అదియే. గుట్టుగానుండు చోటులలో వందలకొలదిగా వానిని పెట్టవచ్చును.

వంతెనమీద ఏమియు పెట్టకయే వినవచ్చునా యని చూచినవారు కూడ కలరు. గోల్డెన్ గేటు వంతెనమీదుగా పోవు కారులలోని ఫోనులు పసిగట్టిన అదురుపాటును అనేక ప్రయాణములనుండి కలిపి లెక్కించి, వంతెన ఊపును తెలిసికొనవచ్చునని 2022లో ప్రకటించిరి. కారు అదురు, దారి గతుకుల అదురు అన్నియు వేరుచేసి, ఆ సందడిలో వంతెన పలుకును పట్టుట సంతలో తప్పిపోయిన బిడ్డ యేడ్పును తల్లి పట్టుట వంటిది. అది ఇంకను పరిశోధనలో నున్న మాట.

ఇక కంటితో చూచిన చాలు నను చోట చెవియు అక్కరలేదు. 2022 అక్టోబరు 30వ తేదీన గుజరాతు రాష్ట్రములో మోర్బీ యను ఊర, మచ్చు నదిమీది వ్రేలాడు కాలినడక వంతెన తెగిపడి 135 మంది మరణించిరి. పండుగ సెలవులలో వేడుక చూడవచ్చినవారు. స్త్రీలును పసిపిల్లలును అందులో పెక్కుమంది. అంతకు నాలుగుదినముల ముందే బాగుచేసినామని దానిని తెరచియుండిరి. విచారణచేసిన సంఘము చెప్పినదేమనగా, పెద్దమోకులలో ఒకదానియందలి 49 తీగలలో 22 అదివరకే తుప్పుపట్టి తెగియుండవచ్చునట. అట్టిచోట సెన్సారులు లేకపోవుటను నేరముగా చెప్పుట హాస్యాస్పదము. నిచ్చెనవేసి ఒక మనుష్యు డెక్కి చూడవలసినది. యంత్రము వచ్చినదిగదాయని మనుష్యుని కన్నును మాన్పించు నాయకులు బయలుదేరుదురేమోయని మా భయము. పొయ్యిమీద పాలు పెట్టి, పొంగినప్పుడు కూసెడి గిన్నె యున్నదని వీధిలోనికి పోయిన యిల్లాలి పొయ్యి ఎట్లుండునో వేరుగా చెప్పనేల.

మన దేశమున వంతెన మాట విని బండ్ల నాపిన సంగతియు ఒకటి కలదు. మన తెలుగువారిలో రామేశ్వరయాత్ర చేయనివారు తక్కువ. ఆ యాత్రలో పాంబను వంతెనమీది ప్రయాణమే సగము పుణ్యమని మా యింటి పెద్దలు చెప్పెడివారు. 1914 ఫిబ్రవరిలో తెరచిన ఆ రైలువంతెన రెండు కిలోమీటర్లకు మించి సముద్రముపై సాగెడిది. నడుమ ఓడలు పోవుటకు పైకి లేచు భాగ మొకటి యుండెడిది. 1964 డిసెంబరునాటి ఉప్పెన దానిని చాలవరకు తుడిచివేసినను, 46 దినములలో మరల నిలిపిరి. నూరేండ్లు ఉప్పునీటిలోను ఉప్పుగాలిలోను నిలిచిన ఇనుము ఎంత గట్టిదైనను ఎన్నాళ్లుండును? మదరాసు ఐ.ఐ.టి. వారు దానిమీద సెన్సారుల నమర్చియుండిరి. 2022 డిసెంబరులో, ఆ లేచు భాగముకడ అదురుపాటు హద్దుమీరినదని అవి హెచ్చరింపగా, రైల్వేవారు వంతెనమీద ప్రయాణికుల బండ్ల నాపివేసిరి. మరల ఆ పాతవంతెనమీద ప్రయాణికులను పోనీయలేదు. ప్రక్కనే క్రొత్తవంతెన కట్టి, 2025 ఏప్రిల్ 6వ తేదీన తెరచిరి.

పాతవంతెనమీద బండ్ల నాపిన తరువాత కొలదినాళ్లకే మా మేనత్తగారు రామేశ్వరము బయలుదేరిరి. బండి మండపముకడనే ఆగినది. అక్కడనుండి బస్సులో, ప్రక్కనున్న రోడ్డువంతెనమీదుగా పోవలసివచ్చెను. తిరిగివచ్చినపిమ్మట ఆమె మొదట చెప్పినది దేవుని సంగతి కాదు, ఈ సంగతియే. "ఎదురుగా రైలువంతెన చక్కగా నిలువబడియున్నది తల్లీ! ఒక్క చువ్వ వంగలేదు. పక్షులు వాలియున్నవి. బాగుగా నున్నదానిని వట్టినే మూసి పెట్టినారు" అని నొచ్చుకొనిరి. మేము సెన్సారుల మాట చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "ఐతే బాగులేదని అదియే చెప్పుకొన్నదా?" అనిరి. ఔనంటిమి. "పాపము" అని, ఆ తరువాత రామేశ్వరము బావుల నీటి రుచులలోనికి మాట మార్చిరి.

క్రొత్తవంతెన తెరచిరని తెలిసినది మొదలు ఆమెకు మరల ప్రయాణముమీదికి మనస్సు పోయినది. ఈమారు బస్సు వలదట, రైలులోనే సముద్రము దాటవలెనట. కొంగుముడిలో చిల్లర ఇప్పటికే కట్టి యుంచుకొన్నారు.